చిన్న పీసీకి కేబినెట్: డబ్బు కట్టేముందు కొలవాల్సినవి

చిన్న పీసీ కట్టాలనుకున్నవాళ్లు ముందు అడిగేది ఎన్ని లీటర్లని. ఆ అంకె అవసరమే, కానీ దాన్నిబట్టి కేబినెట్ కొంటే సగం మంది ఇబ్బంది పడతారు. గ్రాఫిక్స్ కార్డు చివర కేబుల్ వంగడానికి చోటుందా, కూలర్ ఫ్యానుకీ పక్క ప్యానెల్‌కీ మధ్య ఎంత ఖాళీ మిగులుతుంది, ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే పవర్ సప్లై) ముందు తీగల గుత్తి ఎక్కడ దూరుతుంది: తేడా వచ్చేది ఇలాంటి నాలుగైదు చోట్లే. వాటిని డబ్బు కట్టేముందే కొలిచే పద్ధతి ఇది.

ముందు భాగాలు, తర్వాత పెట్టె

కేబినెట్ నచ్చి, దానికి తగ్గ కార్డు వెతుక్కోవడం తలకిందుల పని. ముందు గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ తేల్చుకోండి, రెండింటి వాట్లూ రాసుకోండి. ఇక్కడ లెక్కలకు ఒక జత తీసుకుందాం: రైజెన్ 7 9800ఎక్స్3డీ ప్రాసెసర్, 360 వాట్ల ఆర్‌టీఎక్స్ 5080 కార్డు. గేమ్ ఆడేటప్పుడు మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లతో కలిపి సుమారు 500 వాట్ల వేడి ఆ చిన్న పెట్టెలోంచి బయటికి పోవాలి. చలికాలంలో గది వెచ్చబరిచే చిన్న హీటర్ వేడికి ఇది మరీ దూరం కాదు.

మిగతా రెండు భాగాల కొలతలు దాదాపు స్థిరం. మినీ ఐటీఎక్స్ అనే చిన్న సైజు బోర్డు 170 × 170 మి.మీ. ఎస్ఎఫ్ఎక్స్ అనే చిన్న సైజు ఎస్‌ఎంపీఎస్ 125 × 100 × 63.5 మి.మీ. ఎస్ఎఫ్ఎక్స్-ఎల్ అయితే 100 బదులు 130. ఆ 30 మి.మీ. తేడా ఎక్కడ కొరుకుతుందో కేబుళ్ల దగ్గర చూద్దాం.

లీటర్ల అంకెను ఎలా చదవాలి

పొడవు, వెడల్పు, ఎత్తు మి.మీ.లలో గుణించి పది లక్షలతో భాగిస్తే లీటర్లు వస్తాయి. కూలర్ మాస్టర్ ఎన్ఆర్200 బయటి కొలత 376 × 185 × 292, అంటే 20.3 లీటర్లు. కాళ్లు, వెనక పొడుచుకొచ్చిన భాగాలు తీసేస్తే 360 × 185 × 274, అంటే 18.25 లీటర్లు. ఫ్రాక్టల్ టెర్రా 343 × 153 × 218 మి.మీ., లెక్కకు 11.4 లీటర్లు. కంపెనీ చెప్పేది 10.4. ఎవరూ మోసం చేయడం లేదు, కొలిచే పద్ధతులే రెండు. కాబట్టి రెండు కేబినెట్లను పోల్చేటప్పుడు రెండింటికీ ఒకే పద్ధతిలో మీరే లెక్క వేయండి. టేబుల్ మీదో టీవీ కిందో అరలో పెట్టాలంటే బయటి కొలతే తీసుకుని, పోర్టులున్న వైపు డిస్‌ప్లే కేబుల్ తలకూ పవర్ కార్డు తలకూ ఇంకో 50, 60 మి.మీ. కలుపుకోండి.

లోపలి అమరిక

పది లీటర్ల చుట్టుపక్కల కేబినెట్లలో ఎక్కువ భాగం శాండ్‌విచ్ అమరిక. మధ్యలో గోడ, ఒక పక్క బోర్డు, ఇంకో పక్క కార్డు, రెండింటినీ కలుపుతూ రైజర్ కేబుల్. దీని బలం ఏమిటంటే కార్డు ఫ్యాన్లు జాలీ ప్యానెల్‌ని ఆనుకుని నేరుగా బయటి గాలి పీల్చుకుంటాయి. బలహీనత ప్రాసెసర్ వైపు ఉంటుంది. అక్కడ కూలర్‌కి దక్కేది చాలాసార్లు 50 నుంచి 70 మి.మీ. ఎత్తే.

ఎన్ఆర్200 లాంటివి మామూలు పెద్ద కేబినెట్‌ని కుదించినట్టుంటాయి. రైజర్ అక్కర్లేదు. 155 మి.మీ. దాకా టవర్ కూలర్ పడుతుంది, కింద రెండు, పైన రెండు 120 మి.మీ. ఫ్యాన్లు పెట్టుకోవచ్చు. దాదాపు రెట్టింపు చోటు తీసుకుంటుంది, కానీ మొదటిసారి చిన్న పీసీ కట్టేవాళ్లకు మా సలహా ఈ రకమే. పొరపాటు చేస్తే దిద్దుకోవడానికి చెయ్యి పట్టేంత జాగా ఉంటుంది.

మూడో రకం లియన్ లీ ఏ4-హెచ్2ఓ లాంటివి. శాండ్‌విచ్చే, కానీ పైన లిక్విడ్ కూలర్ (ప్రాసెసర్ వేడిని పంపుతో, ద్రవంతో మోసుకెళ్లేది) 240 మి.మీ. రేడియేటర్ కోసం గీసిన 11 లీటర్ల పెట్టె. ఇందులో చాలామంది మర్చిపోయేది పంపు ఎత్తు. బోర్డు వైపు హద్దు 55 మి.మీ. పంపు తల మీద స్క్రీనో చిన్న ఫ్యానో ఉన్న లిక్విడ్ కూలర్లు ఆ హద్దు దాటేస్తాయి. రేడియేటర్ మందం సాధారణంగా 27, ఫ్యాను 25, మొత్తం 52 మి.మీ. పొడవు 240 అంటారు గానీ చివరి ట్యాంకులతో కలిపి 275 పైచిలుకు ఉంటుంది. ట్యూబులు ఏ వైపు వంగుతాయో కూడా గీసి చూసుకోండి.

కార్డు: మూడు కొలతలు, నాలుగోది కేబుల్

పొడవు అందరూ చూస్తారు. ఇబ్బంది ఎత్తుతోనూ మందంతోనూ వస్తుంది. ఎత్తు అంటే స్లాటు నుంచి కార్డు పై అంచు దాకా. ప్రమాణం ప్రకారం 111 మి.మీ. అయినా, పెద్ద కార్డులు 137, 140 దాటుతున్నాయి. దాని మీద పవర్ కనెక్టర్, ఆపైన కేబుల్ వంపు. 16 పిన్నుల కనెక్టర్ నుంచి కనీసం 35 మి.మీ. దాకా తీగలు తిన్నగా రానిచ్చి, ఆ తర్వాతే వంచమని కేబుల్ తయారీదారుల సూచన. ప్యానెల్ ఒత్తిడికి కనెక్టర్ దగ్గరే వంగితే కొన్ని పిన్నులు సరిగా ఆనవు. కరెంటంతా మిగతా పిన్నుల మీద పడి వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. కేబినెట్ పేజీలో కార్డు ఎత్తు 140 అని రాసి ఉంటే, అది కేబుల్‌తో కలిపా, విడిగానా అన్నది తప్పక తేల్చుకోవాలి. రాయకపోతే విడిగానే అనుకోవడం మంచిది.

మందం స్లాట్లలో చెబుతారు. ఒక స్లాటు 20.32 మి.మీ. రెండు స్లాట్లంటే సుమారు 40, రెండున్నర అంటే 50, మూడంటే 61. 2024లో ఆర్‌టీఎక్స్ కార్డుల కంపెనీ ఎన్విడియా చిన్న కేబినెట్లకు సరిపడే కార్డులకు ఒక హద్దు ప్రకటించింది: పొడవు 304, కేబుల్ వంపుతో కలిపి ఎత్తు 151, మందం 50 మి.మీ. ఈ మూడూ పట్టే కేబినెట్ తీసుకుంటే రేపు కార్డు మార్చినా కేబినెట్ మార్చాల్సిన పని తక్కువ.

నమ్మకం కుదరకపోతే అట్ట ముక్కతో చూడండి. టీవీ వచ్చిన అట్టపెట్టెలోంచి కార్డు పొడవు, ఎత్తు కొలతకు ముక్కలు కోసి, మందం వచ్చేదాకా ఒకదాని మీద ఒకటి టేపుతో అతికించండి. కనెక్టర్ ఉండేచోట 35 మి.మీ. పొడుగు ముక్క నిలబెట్టండి. సికింద్రాబాద్ సీటీసీ లాంటి కంప్యూటర్ దుకాణాల చోట కేబినెట్ ప్రదర్శనకు పెట్టి ఉంటే, అడిగి ప్యానెల్ తీయించి ఇది పెట్టి చూడొచ్చు. దూర్చేటప్పుడు వాలుగా తిప్పాల్సి వస్తుందా అన్నది స్పెసిఫికేషన్ పేజీ చెప్పదు, అట్ట చెబుతుంది. లోపల 322 మి.మీ. ఉన్నా, వెనక బ్రాకెట్ పట్టీ లోపలికి జారాలంటే ముందు వైపు ఇంకో 5, 10 మి.మీ. ఆట కావాలి.

కూలర్ ఎత్తు

టెర్రాలో మధ్య గోడ జరుగుతుంది. కార్డుకు 72 ఇస్తే కూలర్‌కి 48, కార్డుకు 43 ఇస్తే కూలర్‌కి 77. ఎటు జరిపినా మొత్తం 120 మి.మీ. శాండ్‌విచ్ కేబినెట్ ఏదైనా ఇలాగే రెండు గదుల మొత్తంగా ఆలోచించడం తేలిక. ఎన్విడియా హద్దు ప్రకారం 50 మి.మీ. కార్డు పెడితే కూలర్‌కి మిగిలేది 70. నాక్టువా ఎన్‌హెచ్-ఎల్12ఎస్ కూలర్ సరిగ్గా 70 మి.మీ. కాగితం మీద పట్టింది. కానీ కార్డు ఫ్యాన్లు ఒక ప్యానెల్‌కీ, కూలర్ ఇంకో ప్యానెల్‌కీ ఆనుకుంటాయి. పైగా గోడ నిర్ణీత స్థానాల్లోనే బిగుస్తుంది, మీకు కావలసిన మిల్లీమీటరు దగ్గర కాదు. ఇలాంటి చోట 60 మి.మీ. లోపు కూలర్ చూసుకోవడం నయం. థర్మల్‌రైట్ ఏఎక్స్‌పీ90-ఎక్స్53 ఎత్తు 53, ఎక్స్47 ఎత్తు 47.

ఖాళీ తక్కువైనా తిప్పలే, ఎక్కువైనా తిప్పలే. ఫ్యాను ప్యానెల్‌కి ఒకట్రెండు మి.మీ. దూరంలో తిరిగితే జాలీ రంధ్రాల మీద గాలి కోసుకుపోయి సన్నటి ఈల వస్తుంది. ఖాళీ 15, 20 మి.మీ. అయితే కూలర్ ఊదిన వేడి గాలే పక్కనుంచి తిరిగి వచ్చి మళ్లీ ఫ్యానులోకి పోతుంది. 3 నుంచి 6 మి.మీ. బాగుంటుంది. ఎక్కువ ఉంటే ఫ్యాను చుట్టూ నాలుగు అంచుల మీదా మెత్తటి స్పాంజి పట్టీ అతికించి, ప్యానెల్ దాకా గూడు కట్టండి. కిటికీ సందులకు అతికించే స్పాంజి టేపు చాలు. ఇంత చవకైన పనికి ఇంత ఫలితం చిన్న కేబినెట్లలో ఇంకెక్కడా దొరకదు.

కూలర్ ఎత్తును ప్రాసెసర్ పై పలక నుంచి కొలుస్తారు. మీరే స్కేలు పెట్టి బోర్డు నుంచి ప్యానెల్ దాకా కొలిస్తే, అందులోంచి సాకెట్, ప్రాసెసర్ ఎత్తు 7, 8 మి.మీ. తీసేయాలి. ర్యామ్ కూడా చూడండి. హీట్ స్ప్రెడర్ (లోహపు తొడుగు) లేని ర్యామ్ 31 మి.మీ. ఉంటుంది, మెరుపు దీపాలున్నవి 40 దాటుతాయి, కూలర్ రెక్కల కింద దూరవు.

గాలి: రంధ్రాలు లెక్కపెట్టండి

ప్యానెల్ జాలీగా కనిపించినంత మాత్రాన గాలి ఆడదు. తెరుచుకున్న భాగం ఎంతో లెక్కకట్టొచ్చు. తేనెపట్టులా ఒకటి వదిలి ఒకటి అమర్చిన గుండ్రటి రంధ్రాలైతే, రంధ్రం వ్యాసాన్ని పక్క రంధ్రం మధ్య బిందువు దాకా ఉన్న దూరంతో భాగించండి. వచ్చినదాన్ని దానితోనే గుణించి, మళ్లీ 0.9తో గుణించండి. 3 మి.మీ. రంధ్రాలు 4 మి.మీ. ఎడంలో ఉంటే 51 శాతం ఖాళీ. అదే ఎడంలో 2 మి.మీ. రంధ్రాలైతే 23 శాతమే. దూరం నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ఎడం కొలవడానికి పది ఎడాలు ఒకేసారి కొలిచి పదితో భాగిస్తే తప్పు తగ్గుతుంది. 40 శాతం లోపు జాలీ మీద దుమ్ము ఫిల్టర్ కూడా వేస్తే, 360 వాట్ల కార్డుకు ఆ కేబినెట్ వద్దు.

పెట్టెలోంచి పోయే గాలి ఎంత వేడెక్కుతుందో కూడా లెక్క ఉంది: వాట్లను 1.76తో గుణించి, గాలి ప్రవాహం సీఎఫ్ఎం (నిమిషానికి ఎన్ని ఘనపుటడుగులు)తో భాగించండి. డిగ్రీల్లో వస్తుంది. 500 వాట్లకు నిజంగా 60 సీఎఫ్ఎం పారితే గాలి 15 డిగ్రీలు వేడెక్కుతుంది, 30 అయితే 29 డిగ్రీలు. ఫ్యాను డబ్బా మీద రాసిన సీఎఫ్ఎం ఎదురు ఏమీ లేనప్పటిది. జాలీ, ఫిల్టర్, తీగల మధ్య అందులో సగం వచ్చినా సంతోషించాలి.

ఇక మన ఎండాకాలం. రివ్యూల పరీక్షలు చాలావరకు 20, 25 డిగ్రీల గదిలో జరుగుతాయి. 22 డిగ్రీల గదిలో కార్డు 70 చూపిస్తే తేడా 48. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఏసీ లేని గది 36 ఉంటే, అదే కార్డు 84కు చేరుతుంది, లేదా అక్కడికి చేరకుండా ఫ్యాన్లు హోరెత్తి క్లాక్ (పని వేగం) తగ్గించుకుంటుంది. కాబట్టి రివ్యూలో చివరి అంకె వదిలేసి తేడా రాసుకోండి, దానికి మీ గది వేడి కలపండి. గది వేడి చెప్పని రివ్యూ ఈ పనికి ఉపయోగపడదు.

గాలి ఏ దారిలో వస్తోందో చూడటానికి అగరుబత్తి చాలు. పీసీ నడుస్తుండగా ప్యానెల్‌కి రెండు అంగుళాల దూరంలో పట్టుకుని అంచుల వెంట మెల్లగా కదపండి. పొగ లోపలికి పోయేచోట్లు, బయటికి తోసుకొచ్చేచోట్లు తెలిసిపోతాయి. కార్డు వెనక చివరి నుంచి వచ్చిన వేడి గాలి మూల తిరిగి మళ్లీ కార్డు ఫ్యాన్ల వైపే పోతుంటే పొగ వంపు తిరిగి చూపిస్తుంది. బూడిద రాలకుండా పట్టుకోండి, నిమిషంలో ముగించండి.

ఎస్‌ఎంపీఎస్, కేబుళ్లు

ఆర్‌టీఎక్స్ 5080కి ఎన్విడియా 850 వాట్లు సూచిస్తుంది. కార్డు సగటున 360 లాగినా, సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ సేపు దానికి బాగా మించి లాగుతుంది. ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఉన్న ఎస్‌ఎంపీఎస్ ఇలాంటి గుంజుళ్లను 100 మైక్రోసెకన్ల పాటు రెండింతల దాకా తట్టుకోవాలి. పాతవి కొన్ని ఆ క్షణంలో ఆగిపోతాయి, పీసీ గేమ్ మధ్యలో టక్కున ఆరిపోతుంది.

కేబినెట్ చూసేటప్పుడు ఎస్‌ఎంపీఎస్ సాకెట్ల ముందు ఎంత చోటుందో కొలవండి. తీగలు వంగడానికి 40 మి.మీ. లేకపోతే బిగించడం నరకమే. ఎస్ఎఫ్ఎక్స్-ఎల్ పెడితే 30 మి.మీ. పోయేది సరిగ్గా ఇక్కడే. అందుకే ఎస్ఎఫ్ఎక్స్-ఎల్ పడుతుందని రాసి ఉన్నా ఎస్ఎఫ్ఎక్స్ తీసుకోండి. 24 పిన్నుల కేబుల్ లావు, బిరుసు. మిగిలిన పొడుగంతా చుట్ట చుట్టి కార్డు గదిలోకి తోస్తే గాలి ఆగిపోతుంది. కొలతకు చేయించిన కేబుళ్లు మంచివి. కానీ మీ ఎస్‌ఎంపీఎస్ మోడల్‌కే చేశారని రాతపూర్వకంగా చూసుకోండి. ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరస కంపెనీని బట్టే కాదు, ఒకే కంపెనీలో మోడల్‌ని బట్టీ మారుతుంది. వేరే ఎస్‌ఎంపీఎస్ కేబుల్ దూరింది కదా అని పెడితే 5 వోల్టుల చోట 12 వచ్చి ఎస్‌ఎస్‌డీ, బోర్డు కాలిపోతాయి.

రైజర్

కార్డుకీ బోర్డుకీ మధ్య డేటా దారి ప్రమాణం పీసీఐఈ, అంకె పెరిగేకొద్దీ వేగం పెరుగుతుంది. ఆర్‌టీఎక్స్ 50 కార్డులు పీసీఐఈ 5.0. ఇప్పుడు మార్కెట్లో ఉన్న చిన్న కేబినెట్లలో చాలావాటికి 4.0 రైజర్ వస్తుంది. బోర్డు ఆటోలో ఉంటే 5.0 వేగానికి ప్రయత్నించి, సిగ్నల్ నిలవక నల్ల స్క్రీన్ రావచ్చు. కార్డు పోయిందని కంగారు పడొద్దు. మానిటర్ కేబుల్‌ని బోర్డు మీది హెచ్‌డీఎంఐకి పెట్టండి (9800ఎక్స్3డీలో చిన్న గ్రాఫిక్స్ ఉంది). బయోస్‌లో (బోర్డు సెట్టింగుల తెరలో) ఆ స్లాటును జెన్ 4కి, అంటే 4.0 వేగానికి మార్చి సేవ్ చేయండి. ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ లేని ప్రాసెసరైతే, కేబినెట్‌లో బిగించకముందే బోర్డును టేబుల్ మీద పెట్టి, కార్డును నేరుగా స్లాటులో గుచ్చి ఈ మార్పు చేయాలి. బయోస్ అప్‌డేట్ చేసినా, సీమాస్ క్లియర్ చేసి సెట్టింగులు తుడిచేసినా ఇది మళ్లీ ఆటోకి పోతుంది.

పాత కేబినెట్ చవకగా దొరికితే రైజర్ 3.0 కావచ్చు. 16 లేన్ల (డేటా దారుల) కార్డుకు నష్టం తక్కువే. ఆర్‌టీఎక్స్ 4060, 5060 టీఐ లాంటి 8 లేన్ల కార్డులకు ఎక్కువ, ముఖ్యంగా వీడియో మెమరీ నిండినప్పుడు. రైజర్‌ని కాగితం మడిచినట్టు మడవకండి, స్క్రూ మొన దానికి తగలకుండా చూడండి.

ఎర్తింగ్, స్క్రూలు

అల్యూమినియం కేబినెట్ ముట్టుకుంటే వేలు జివ్వుమంటే ముందు గోడ సాకెట్‌లో ఎర్త్ చూపించండి. ఎస్‌ఎంపీఎస్ ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి వచ్చే కొద్దిపాటి లీకేజీ ఎర్త్ దొరక్క బాడీ మీద నిలుస్తుంది. టూ పిన్ అడాప్టర్ వాడొద్దు. అల్యూమినియం మీది అనొడైజ్ పూత కరెంటును పోనివ్వదు కాబట్టి ప్యానెళ్ల మధ్య లోహం లోహాన్ని తాకే స్క్రూ ఒక్కటైనా ఉందా చూడండి. ఎం3 స్క్రూలు మెత్తటి అల్యూమినియంలోకి పోతాయి. ముందు ఎడమకు తిప్పి మర టక్కున కుదిరాక కుడికి తిప్పండి, చేతి బిగింపు చాలు.

కట్టాక ఒక సాయంత్రం పరీక్ష

గది వేడి రాసుకోండి. వేడి చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్ తెరిచి, మీకు తెలిసిన బరువైన గేమ్ అరగంట నడపండి. చిన్న పెట్టె లోహమంతా వేడెక్కడానికి ఇరవై నిమిషాలు పడుతుంది, ఐదు నిమిషాల బెంచ్‌మార్క్ ఏమీ చెప్పదు. కార్డు, దాని మెమరీ, ప్రాసెసర్, బోర్డు వెనక ఉన్న ఎం.2 ఎస్‌ఎస్‌డీ, నాలుగూ రాయండి. ఆ వెనక ఎస్‌ఎస్‌డీని మర్చిపోతుంటారు. గోడకూ దానికీ మధ్య థర్మల్ ప్యాడ్ పెడితే గోడే హీట్‌సింక్ అవుతుంది.

తర్వాత పక్క ప్యానెళ్లు తీసి అదే గేమ్ మళ్లీ అరగంట. తేడా రెండు మూడు డిగ్రీలైతే కేబినెట్ మంచిదే. ఏడెనిమిది దాటితే ప్యానెల్ గాలిని ఆపేస్తోంది. ముందు ఫిల్టర్ తీసి చూడండి, తర్వాత స్పాంజి గూడు కట్టి చూడండి, ఆ తర్వాత కార్డు పవర్ లిమిట్ 80 శాతానికి దించండి. ఫ్రేములు కొద్దిగానే తగ్గుతాయి, 70 వాట్లకు పైగా వేడి తగ్గుతుంది. ఇవన్నీ చేశాకా ఎండాకాలపు లెక్క కుదరకపోతే కేబినెట్ తిరిగి పంపండి. అందుకే గడువు తీరేదాకా దాని అట్టపెట్టె, థర్మాకోల్, రంధ్రాల మీద అతికించి వచ్చిన ప్లాస్టిక్ పొరతో సహా దాచి ఉంచండి.